మగ్గం ఆగిన చోట

ధర్మవరంలో నేతగాళ్ళుండే ఆ వీధికి వచ్చి నవలలు రాసే శశిజ్యోతి గారి ఇల్లు ఎక్కడని అడిగితే, అట్లాంటివాళ్ళు ఈ పక్క ఎవరూ లేరని నమ్మకంగా చెప్పి పంపించేస్తారు. మగ్గం నాగేశ్వర భార్య జ్యోతిలక్ష్మి ఇల్లని అడిగితే మాత్రం పాల ప్యాకెట్లు అమ్మే ముసలాయన కూడా లేచి వచ్చి గుమ్మం దాకా దిగబెడతాడు. ఇద్దరూ ఒకరేనని వీధిలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి అదేమంత గొప్ప సంగతి కాదు. ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్లో ఏదో కొట్టుకుంటూ ఉంటుంది, పాపం, ఒకరి జోలికి పోదు, అంటారు.

ఆ కొట్టుకునే 'ఏదో' ఒక మనిషి చేయగలిగిన పనిలా ఉండదు. కథల యాప్‌లో రోజుకొక భాగం చొప్పున ఒక ధారావాహిక నడుస్తుంది. గురువారం గురువారం ఇంకొకటి. పదకొండేళ్ళలో పందొమ్మిది ప్రేమ నవలలు పూర్తిచేసింది. ఒక్క రోజు భాగం ఆలస్యమైతే, మేడమ్ మీకు ఒంట్లో బాగలేదా అని పది మంది అడుగుతారు. మా మేఘనకు ఒంట్లో బాగలేదా అని వంద మంది అడుగుతారు. మేఘన ఆమె కథానాయిక.

ఆమె కథానాయకులందరూ ఆరడుగుల వాళ్ళు. అందరికీ సొంత కంపెనీలున్నాయి. నలభయ్యో భాగం దాకా ఎవరూ నవ్వరు. కోపం వస్తే దవడ బిగిస్తారు, ప్రేమ పుట్టినా ఆ దవడే బిగిస్తారు. ఏది ఏదో తెలియక ఆ పిల్ల ముప్పై భాగాలు ఏడుస్తుంది. అందరి కాపురమూ విశాఖపట్నంలోనే. జ్యోతిలక్ష్మి విశాఖపట్నం చూడలేదు. ఒక నవలలో సముద్రంలోకి సూర్యుడు దిగిపోతుండగా కథానాయకుడి చేత మనసులో మాట చెప్పించింది. మా ఊరి సముద్రంలో సూర్యుడు పుడతాడే గానీ అస్తమించడు మేడమ్ అని ఆ ఊరి పాఠకులు డెబ్భై మంది రాశారు. సరేనని ఆమె ఆ సన్నివేశాన్ని తెల్లవారుజాముకు మార్చింది. ఎప్పుడూ తొమ్మిదికి గానీ లేవని కథానాయికను ఐదింటికి లేపాల్సి వచ్చింది. ఎందుకు లేచిందో చెప్పడానికి ఇంకో మూడు భాగాలు పట్టాయి. ఇక వానల సంగతి చెప్పనక్కర్లేదు. ఆమె నవలల్లో కురిసిన వానలో పదో వంతు ఈ జిల్లాలో కురిసి ఉంటే శింగనమల చెరువు ఏటా అలుగు పారేది.

పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. రోజు విడిచి రోజు కుళాయి వస్తుంది. వచ్చిన రోజు డ్రమ్ములు నిండేదాకా కుళాయి పక్కనే పీట వేసుకుని గీతల నోట్‌బుక్‌లో రాస్తుంది. రాని రోజు వంటింట్లో రాస్తుంది. కూతురు శశి అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది, ఏడుగంటల రైలుకు పోవాలి. బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపేలోగా కథానాయకుడు కారు దిగి లోపలికి వస్తాడు. శశి వీధి మలుపు తిరిగేసరికి అతను కథానాయిక చెయ్యి పట్టుకుంటాడు. మధ్యాహ్నం నోట్‌బుక్‌లోది ఫోన్లో కొట్టడం, తప్పులు దిద్దడం, రేపటి భాగం రేపటి సమయానికి దానంతట అదే వచ్చేట్టు పెట్టడం. సాయంత్రం పాఠకులకు జవాబులు. తాడిపత్రి నుంచి ఒకామె వారం వారం ఫోన్ చేసి, మేఘనకు ఇంకా నెల ఎందుకు తప్పలేదని నిలదీస్తుంది. ఆమెకు ఒక సమాధానం చెప్పి, కుక్కర్ దించి, గురువారం భాగం మొదలుపెట్టాలి.

ఇదంతా నిరుడూ ఇట్లాగే ఉండేది, ఇప్పుడూ ఇట్లాగే ఉంది. తేడా ఒక్కటే. ఇప్పుడు నాగేశ్వర లేడు.

ఆమె రాసే పద్ధతి ఒకటి చెప్పాలి. అది మగ్గం ఉన్న ఇంట్లో తప్ప కుదరదు. తొమ్మిది గంటలకు నాగేశ్వర మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గానికి కూర్చునేవాడు. ఆమె పక్కన గడప మీద కూర్చుని పొద్దున రాసింది చదివేది. మగ్గం చప్పుడు దాటి వినపడాలి కాబట్టి గొంతెత్తి చదివేది. నాగేశ్వర అభిప్రాయాలు చెప్పే మనిషి కాదు. బాగుందా అంటే ఊ అంటాడు, బాగలేదా అన్నా ఊ అంటాడు. మొదటి నవలప్పుడు ఆ ఊ విని విని ఆమెకు నోట్‌బుక్ పొయ్యిలో పెడదామనిపించింది. అయితే ఒకనాడు ఒక మాట దగ్గర, అడ్డపోగు మోసుకుపోయే నాడె విసరబోయిన చెయ్యి నిలిచిపోయింది. మగ్గం ఆగింది. రెండు మూడు క్షణాలు, అంతే, మళ్ళీ మొదలైంది.

నేతగాడు ఊరికే మగ్గం ఆపడు. పోగు తెగితే ఆపుతాడు, అప్పుడు వంగి ముడి వేస్తాడు. ముడి వేయకుండా ఆగాడంటే మాటకు ఆగినట్టే. ఆమె ఆ మాట పక్కన ఎర్ర పెన్నుతో ఒక చుక్క పెట్టుకుంది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. చుక్క పడిన చోట కథ పెంచుతుంది. చుక్క పడని పేజీలు మొహమాటం లేకుండా కొట్టేస్తుంది. పదో తరగతితో ఆగిన ఆమెకు కథ రాయడంలో చదువంటూ ఉంటే అదే. సంపాదకులు చెప్పినా, పాఠకులు చెప్పినా వింటుంది గానీ, నమ్మింది మాత్రం మగ్గాన్నే.

ఆఖరు ఏడాది చుక్కలు బాగా పెరిగాయి. అంతకు ముందు రెండు మూడు రోజులకు ఒకటి పడితే గొప్ప. ఆ ఏడాది రోజూ పడ్డాయి. తర్వాత రోజుకు మూడు, నాలుగు. తనకు చెయ్యి తిరిగిందని ఆమె అనుకుంది. ఆ రోజుల్లో రాసిందే మేఘన నవల. అంతకు ముందు పద్దెనిమిది నవలలకు కలిపి ఎంతమంది పాఠకులున్నారో ఆ ఒక్కదానికే అంతమంది వచ్చారు. పన్నెండు రోజుల్లో దిగే చీర ఇరవై రోజులు పడుతోందని పట్టు ఇచ్చే షావుకారు హనుమంతరాయుడు సణిగేవాడు.

"ఏమప్పా, నా కథలు వింటా కూచుంటే నీ మగ్గం నడిచేదెప్పుడు?" అని ఆమె నవ్వేది.

నాగేశ్వర కూడా నవ్వేవాడు.

మాఘమాసంలో ఒక ఉదయం ఆమె మేఘన నవల చివరి భాగాల్లో ఒకటి చదువుతోంది. ఒక మాట దగ్గర మగ్గం ఆగింది. తలెత్తకుండానే చుక్క పెట్టింది. ఇంకా మొదలు కాలేదు. అంతసేపు ఎప్పుడూ ఆగలేదు. ఆమెకు ఒళ్ళంతా సంతోషం కలిగింది. గొంతు తగ్గించి, ఒక్కో మాటా నిదానంగా, మిగిలిన రెండు పేజీలూ చివరిదాకా చదివింది. చదివి తలెత్తి చూసింది. నాగేశ్వర నేసిన చీర మీదికి వంగి ఉన్నాడు, నుదురు నేసిన బట్ట చుట్టే దోనెకు ఆనుకుని ఉంది.

ఆసుపత్రిలో గుండె అన్నారు. ఇంటి దగ్గరే అయిపోయిందన్నారు.

ఆ రోజు సాయంత్రం భాగం వచ్చింది. ముందు రోజే పెట్టి ఉంచింది కాబట్టి దానంతట అదే వచ్చింది. మర్నాడు కూడా వచ్చింది. పదకొండో రోజు దాకా ఆమే కూర్చుని పెట్టింది, ఒక్క రోజూ తప్పలేదు. వచ్చిన ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చుని ఏడ్చారు. ఆమె ఏడవలేదు. వాళ్ళకు కాఫీలు అందాయా లేదా అని చూసింది. రాత్రికి ఎంతమంది ఉంటారో లెక్కబెట్టి బియ్యం కొలిచింది.

"అమ్మా, ఒకసారి ఏడ్చేయమ్మా. నాకు భయమైతాండాది" అంది శశి.

"ఏడుపు వస్తే ఏడుస్తాలేమ్మా" అంది ఆమె. రాలేదు. ఏదీ రాలేదు. ఆకలి వేయడం లేదని కాదు, తింటే ఏం తిన్నదో గుర్తుండదు. ఎండ మండిపోతోందని అందరూ అంటే అవునని విసనకర్ర తీసుకునేది. వీధిలోవాళ్ళు మొదట గుండె రాయి చేసుకుందన్నారు. నెల తర్వాత ఆమెకు మొదటి నుంచీ రాయేనన్నారు. నోరు ఉన్నందుకు ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె మాత్రం ఒక్కదాన్ని పట్టుకుని ఉంది. ఆ చివరి చుక్క ఒక్కటే తప్పు. అది కథకు ఆగింది కాదు. మిగతా చుక్కలన్నీ నిజం. పదకొండేళ్ళు ఒక మనిషి తన పని ఆపి తన మాట విన్నాడు, ముఖ్యంగా ఆ ఆఖరు ఏడాది రోజూ విన్నాడు. ఇది నిజమైతే చాలు, ఎట్లాగో బతకొచ్చు. రాయనూ వచ్చు. ఇది కూడా నిజం కాకపోతే ఏమిటన్నది ఆమె ఆలోచించలేదు.

రాయడం ఆగలేదని చెప్పాను కదా. ఇరవయ్యో నవల ఒకటి మొదలుపెట్టి నడిపిస్తోంది. కారు దిగుతారు, దవడ బిగిస్తారు, వాన కురుస్తుంది. ఏది బాగుందో, ఏది బాగలేదో ఆమెకు తెలియడం లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. విచిత్రమేమిటంటే పాఠకుల్లో ఒక్కరు తగ్గలేదు. అది ఆమెకు ఇంకా అయోమయంగా ఉంది.

వైశాఖంలో హనుమంతరాయుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మగ్గం మీద నాగేశ్వర నేసిన సగం చీర అట్లాగే ఉంది. దాన్ని మధ్యలో కోసి దించడానికి ఏ నేతగాడికీ చెయ్యి రాదు.

"విడపనకల్లు పక్క నుంచి బసప్ప అని ఒకడొచ్చినాడమ్మా. పనిమంతుడు. మీ ఇంట్లోనే కూచోబెట్టి నేపించేదా? నీకు ఇష్టం లేకుంటే చెప్పు, మగ్గం ఇప్పి ఎత్తుకపోతాం."

"ఈడే నెయ్యనీ" అంది జ్యోతిలక్ష్మి వెంటనే. అంత వెంటనే చెప్పినందుకు షావుకారు ఆశ్చర్యపోయాడు. మూడు నెలల్లో ఆమె దేనికైనా వెంటనే జవాబు చెప్పడం అదే మొదటిసారి. ఆమె చీర గురించి ఆలోచించలేదు. మగ్గం చప్పుడు కావాలి. ఆ చప్పుడులో చదవాలి. ఎక్కడో ఒకచోట అది ఆగాలి. అప్పుడు తనకు మళ్ళీ తెలుస్తుంది.

బసప్ప ముప్పై అయిదేళ్ళవాడు. మాటలో సగం కన్నడం. వచ్చిన రోజు మగ్గానికి దండం పెట్టి కూర్చుని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకున్నాడు. మర్నాడు తొమ్మిదింటికి జ్యోతిలక్ష్మి గడప మీద కూర్చుంది.

"నేను కొంచెం సేపు చదువుకుంటా. నీకేమన్నా అడ్డమా?"

"చదువుకో అక్కా. నాకేమడ్డం."

చదివింది. మగ్గం ఆగలేదు. కథానాయిక ఇల్లు వదిలి వెళ్ళిపోయింది, ఆగలేదు. కథానాయకుడు ఆమె ఉత్తరం చదివాడు, ఆగలేదు. పోగు తెగినప్పుడు ఆగింది. బసప్ప వంగి ముడి వేసి మళ్ళీ మొదలుపెట్టాడు. వారం చదివింది, నెల దాటేదాకా చదివింది. ఆ చీర పూర్తయి దిగింది, దాని తర్వాత ఇంకో రెండు దిగాయి. ఒక్క చుక్క పడలేదు. అంటే నాలుగు నెలలుగా తను రాస్తున్నదంతా చచ్చిందే అన్నమాట. అది తెలిసినా ఆమెకు బాధ కలగలేదు. అవును కాబోలు అనుకుంది.

అదే వారం యాప్ నుంచి సుజాత ఫోన్ చేసింది. సుజాత హైదరాబాదులో కూర్చుని ముప్పై మంది రచయిత్రుల చేత రాయిస్తుంది. నవ్వుతూ మాట్లాడుతుంది, అనుకున్నది చేయించుకుంటుంది.

"జ్యోతి గారూ, మేఘన కథకు రెండో నవల కావాలండీ. పాఠకులు ప్రాణం తీస్తున్నారు. ఆ మేడ మీద సీను, ఆ తలుపు దగ్గర సీను, అలాంటివి మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదామా?"

"సరేనండీ" అంది జ్యోతిలక్ష్మి. ఫోన్ పెట్టేసి మేడ మీద సీను ఏమిటో గుర్తు తెచ్చుకుంది. మొదట అది ఒకే పేజీ. అక్కడ నాలుగు చుక్కలు పడ్డాయి. అందుకని ఐదు భాగాలకు పెంచింది.

కొత్త చీరలకు కొత్త పడుగు, నిలువు పోగుల కట్ట, వచ్చింది. పాత పడుగు చివరల్ని మగ్గం మీదే ఉంచి, ఒక్కో పోగుకు ఒక్కో కొత్త పోగును వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. ఆ పనికి మద్దిలేటి వచ్చాడు. మద్దిలేటి పక్క వీధి నేతగాడు, నాగేశ్వరతో కలిసి పెరిగినవాడు, జ్యోతిలక్ష్మిని వదినా అంటాడు. బసప్ప ఊరికి పోయి ఉన్నాడు. ఒక్కడే అయితే రెండు రోజులు పడుతుందని ఆమె కూడా ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు పుట్టింట్లో నేర్చుకున్న పనే. వేళ్ళకు బూడిద అద్దుకుని ఇద్దరూ చెరొక వైపు నుంచి అతుకుతున్నారు.

బయట ఆషాఢ గాలి రేకుల్ని లేపి కొడుతోంది.

"బసప్పకు నా కథలు ఎక్కల్యా మద్దిలేటీ" అంది ఆమె. ఎందుకందో ఆమెకే తెలియదు. చేతులు పనిలో ఉంటే నోరు దానంతట అది తెరుచుకుంటుంది. "వచ్చినప్పటి నుంచీ చదువుతాండా. ఒక్కసారి మగ్గం నిలపలేదు. మీ అన్నయితే చివర్న పేజీకొకసారి నిలుపుతాండె."

మద్దిలేటి తల వంచుకుని అతుకుతూనే ఉన్నాడు. ఒక పది పోగులు అయ్యాయి.

"వదినా, అది కథకు కాదు" అన్నాడు.

"ఏది?"

"అన్న మగ్గం నిలిపింది. పోయినేడు నిలిపింది. ఆయాసానికి నిలిపినాడు." ఇంకో పోగు మెలిపెట్టి మళ్ళీ చెప్పాడు. "ఉగాది కాణ్ణుంచి రొమ్ములో పట్టుకుంటాండాది అనె. నాడె ఇసరబోతే చెయ్యి లేస్తాండ్లా. కొంచెం సేపు నిలిపితే సర్దుకుంటాండె. అనంతపురం పోదాం రాప్పా, చూపించుకుందువు అని నేను పదిసార్లు అడిగినా. ఈ చీర దిగనీ, ఈ చీర దిగనీ అన్నాడు."

"నాతో చెప్పలేదే."

"నేనూ అదే అడిగితి. వదినకు చెప్పల్ల కదప్పా అంటి." మద్దిలేటి వేళ్ళకు మళ్ళీ బూడిద అద్దుకున్నాడు. "ఏమన్నాడో తెల్సా వదినా. నేను మగ్గం నిలుపుతానే ఆమె తలెత్తి చూస్తాదిరా. కథ బాగుందని నిలిపినా అనుకుంటాది. ఆ మొగం చూసినాంక నొప్పని యాడ చెప్పేది అన్నాడు."

జ్యోతిలక్ష్మి వేళ్ళు ఆగలేదు. పాత పోగు, కొత్త పోగు, మెలి. పాత పోగు, కొత్త పోగు, మెలి.

"అంతకు ముందువి?" అంది.

"ఏంటివి?"

"అంతకు ముందు పదేండ్లు నిలిపినాడు కదా. అవి కథకేనా?"

"అయ్యే ఉంటాయి వదినా. నాకేం తెల్సు. అప్పుడు నొప్పి లేదు కదా." మద్దిలేటి కళ్ళు తుడుచుకున్నాడు. బూడిద ముఖానికి అంటింది. "నేను చెప్పకుండా ఉండాల్సింది."

"చెప్పినావులే. మంచిదే" అంది ఆమె.

సాయంత్రానికి పడుగంతా అతకడం అయిపోయింది. మద్దిలేటి వెళ్ళాక ఆమె చేతులు కడుక్కుని మేఘన నవల రాసిన నోట్‌బుక్‌లు తీసి మంచం మీద పెట్టుకుంది. మొదటి దాంట్లో చుక్కలు పలచగా ఉన్నాయి. రెండో దాంట్లో పెరిగాయి. మూడో దాంట్లో ఒక్కో పేజీకి ఒకటి, కొన్నింటికి రెండు. తలుపు దగ్గర సీను. మేడ మీద సీను. ఆసుపత్రి వరండాలో కథానాయకుడు ఒంటరిగా కూర్చున్న సీను. లక్షమంది మళ్ళీ మళ్ళీ చదువుకున్న చోట్లన్నీ నాగేశ్వరకు ఊపిరి ఆడని చోట్లు. అక్కడ ఆమె ప్రతిసారీ తలెత్తి చూసి నవ్వింది. చూసింది గానీ ముఖాన్ని చూడలేదు, తన కథకు వచ్చిన మార్కు చూసుకుంది. ఆయన ముఖంలో చెమట ఉందా, రంగు మారిందా అంటే ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మేఘన కళ్ళ రంగు మాత్రం గుర్తుంది.

ఆమెకు నాగేశ్వర మీద కోపం వచ్చింది. అభిప్రాయం చెప్పని మనిషి, సరే, నొప్పి కూడా చెప్పకూడదా? వెంటనే తన మీద అంతకంటే కోపం వచ్చింది. రెండు కోపాలూ కాసేపు ఉండి పోయాయి. ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు. రైలు దిగి వచ్చిన శశికి అన్నం పెట్టింది. పాఠకులకు జవాబులు రాసింది. తాడిపత్రి ఆమెకు, రెండో నవలలో నెల తప్పుతుందని మాట ఇచ్చింది.

ఇక చదవకూడదనుకుంది. ఎవరికీ, ఏ మగ్గానికీ చదవకూడదు. రాసింది రాసినట్టు పెట్టేస్తే సరిపోతుంది, ఎట్లాగూ వాళ్ళకు అన్నీ నచ్చుతున్నాయి. సోమవారం పొద్దున కుళాయి దగ్గర కూర్చుని మేఘన రెండో నవల మొదటి భాగం రాసేసింది. శశిని పంపించింది. తొమ్మిదింటికి బసప్ప కొత్త పడుగు మీద మగ్గం మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లో కందిపప్పు ఏరుతూ కూర్చుంది.

కొంతసేపటికి బసప్ప గొంతు వినిపించింది.

"అక్కా, ఈ పొద్దు చదవవా?"

ఆమె చాట కింద పెట్టింది. "నువ్వు వింటాండావా ఏమి?"

"వినకుండా ఎట్లుంటానక్కా. ఈడే ఉంటా కదా. ఆ పొద్దు ఉత్తరం చదివినాడు కదా ఆయప్ప, ఆమెను వెతుక్కొని పోయినాడా లేదా అని ఊర్లో గూడా మా ఇంట్లోది అడిగె. నాకు తెలిసినంత మటుకు చెప్తి."

"మరి ఎన్నడూ మగ్గం నిలపలేదే" అందామనుకుంది. అనలేదు. అతనికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? పని చేసుకుంటూ విన్నాడు, అంతే. పని ఆపి వినాలని ఎవరూ చెప్పలేదు. ఆమె నోట్‌బుక్ తెచ్చుకుని గడప మీద కూర్చుంది. ఎర్ర పెన్ను తెచ్చుకోలేదు.

"ఇది వేరే కథ. మేఘన అని ఒక పిల్ల. పెళ్ళయినాంక రెండేండ్లు విడిపోయినారు" అని చెప్పి చదవడం మొదలుపెట్టింది. మేఘన ఒక్కతే ఇంట్లో ఉంది. ఎప్పటిలాగే బయట వాన. ఎవరో తలుపు తట్టారు. మేఘన తలుపు దాకా వచ్చింది. ఆ తట్టడం ఎవరిదో ఆమెకు తెలుసు. గడియ మీద చెయ్యి వేసింది.

మగ్గం ఆగింది.

జ్యోతిలక్ష్మి తలెత్తింది. బసప్ప వంగలేదు. ముడి వేయడం లేదు. నాడె చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. ఇన్ని నెలలుగా ఆమె దేని కోసం ఎదురు చూసిందో అదే జరిగింది. నోట్‌బుక్ ఎక్కడ పడిందో చూసుకోలేదు. గుంట పక్కన మోకాళ్ళ మీద పడి అతని చెయ్యి పట్టుకుంది. ఇంకో చేత్తో గడ్డం పట్టి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. నుదురు తడిమింది.

"ఏమైతాండాది? రొమ్ములో పట్టుకుంటాండాదా? ఎడం చెయ్యి లాగుతాండాదా? చెప్పు బసప్పా, నోరు తెరువు."

బసప్ప బెదిరిపోయాడు. పరాయి ఆడమనిషి గడ్డం పట్టుకుంటే ఏం చేయాలో తెలియక నాడె గుండెకు అదుముకున్నాడు.

"నాకేమైందక్కా? ఏం కాలేదు. ఆ పిల్ల తలుపు తీస్తాదో లేదో విందామని నిలిపితి."

ఆమె అతని ముఖాన్ని అట్లాగే పట్టుకుని చూసింది. చెమట లేదు. రంగు మారలేదు. ఊపిరి మామూలుగా ఉంది. ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉంది, రెండు నెలలుగా ఎదురుగా కూర్చున్నా ఆమె దాన్ని చూడలేదు. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఎవరో లోపల నుంచి తోసినట్టు వచ్చింది. అతని గడ్డం వదిలి, గుంట అంచు పట్టుకుని, వీధిలోకి వినపడేట్టు ఏడ్చింది. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఏమైందని సైగతో బసప్పను అడిగింది. తెలియదని అతను తల ఊపాడు.

చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచి గడప మీద కూర్చుంది. నోట్‌బుక్ అందుకుని పేజీ వెతుక్కుంది.

"కథ బాగలేదని నిలిపినా అనుకుంటివా అక్కా?" అన్నాడు బసప్ప. ఏం తప్పు చేశాడో తెలియక ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"బాగుంటే నోటితో చెప్పు బసప్పా" అంది ఆమె. "బాగలేకున్నా నోటితోనే చెప్పు. మగ్గం మటుకు నిలపొద్దు. నేను చదువుతాన్నంతసేపూ నిలపొద్దు."

సరేనని బసప్ప కాలి కింది కర్ర తొక్కి నాడె విసిరాడు. ఆమె మిగిలిన పేజీలు చదివింది. మేఘన తలుపు తీసిందో లేదో, తను ఏం చదువుతోందో ఆమె చెవికి ఎక్కలేదు. మగ్గం చప్పుడే వింటూ, మాటమాటకూ తలెత్తి అతని ముఖం చూస్తూ చదివింది.